వేలిముద్ర కూడా సాక్ష్యమే

నమాజు, రోజాల విషయంలో ఎంతో శ్రద్ధ చూపే మనం ఆస్పత్రి కౌంటరు దగ్గర మాత్రం కాగితంలో ఏముందో చూడకుండానే వేలిముద్ర వేసేస్తాం. “ఆరోగ్యశ్రీలో అంతా ఉచితమే, మీ జేబులోంచి రూపాయి కూడా పోదు” అన్న మాట వినగానే ఇక అడగవలసిందేమీ లేదనుకుంటాం. చాలా చోట్ల ఆ సంతకం సక్రమమైనదే. కాని జ్వరానికి సెలైన్ ఎక్కించుకున్నవారి పేరున ఆపరేషన్ రాసుకోవడం, ఒక రాత్రి ఉన్నవారిని ఐదు రోజులు ఉన్నట్లు చూపడం కూడా జరుగుతుంటాయి. ఆయుష్మాన్ భారత్ పథకంలో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే ఫోను నంబరుకు ముడిపడి ఉన్నాయని 2023లో కాగ్ నివేదిక బయటపెట్టింది.

ఖాళీ ఫారం మీద సంతకం అడిగినా, జబ్బేమీ లేకుండానే మంచం మీద పడుకోబెట్టి ఫోటో తీస్తామన్నా అనుమానించాలి. డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోవాలి. జబ్బు పేరు, చేసిన చికిత్స, ఉన్న రోజులు సరిగా రాశారో లేదో చదువుకున్న పిల్లల చేత చదివించుకోవాలి. తేడా ఉంటే ఆరోగ్యశ్రీకి 104కు, ఆయుష్మాన్ భారత్‌కు 14555కు ఫోను చేయవచ్చు. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబం మొత్తానికి ఏడాదికి 5 లక్షలే పరిమితి. దొంగ బిల్లు పోయేది ఆ 5 లక్షల్లోంచే.

“డబ్బు తిన్నది ఆస్పత్రివాళ్ళు, మనకేం పాపం?” అంటారు కొందరు. తెలియక పెట్టిన సంతకం వేరు. తెలిసి పెడితే అది అబద్ధపు సాక్ష్యం. సాక్ష్యం మనకూ మన తల్లిదండ్రులకూ వ్యతిరేకంగా పోయినా సరే, న్యాయం వైపే నిలబడమని దివ్య ఖుర్ఆన్ (4:135) ఆదేశిస్తోంది. ఖైబర్ యుద్ధం తర్వాత బాణం తగిలి ఒక సేవకుడు చనిపోయాడు. అతను అమరుడయ్యాడని జనం సంతోషించారు. అయితే పంపకానికి ముందే ఉమ్మడి సొమ్ములోంచి అతను తీసుకున్న దుప్పటి అతనిపై అగ్నిలా మండుతోందని మహాప్రవక్త (స) చెప్పారు. అది విని ఒకాయన తాను తీసుకున్న చెప్పుల వారు తెచ్చి అప్పగించారు. ఒక మనిషి సొమ్ము తింటే వెళ్ళి క్షమాపణ అడగవచ్చు. లక్షల మంది పన్నుల సొమ్ము తిన్నవాడు ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇంకొక వాదన కూడా మా చెవిన పడుతుంటుంది. బీమాయే ధర్మసమ్మతం కానప్పుడు ఆ కంపెనీని మోసగిస్తే తప్పేముందని! వాణిజ్య బీమా నిషిద్ధమని 1985లో జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించిన మాట నిజమే. పరస్పర సహకార పద్ధతిని అది సమ్మతించింది. అయితే ఆ తీర్పును బట్టి పాలసీ మానుకోవచ్చు గాని, షుగరు వ్యాధి దాచి ఫారం నింపడానికి అది అనుమతి కాదు. మక్కావాసులు మహాప్రవక్త (స)ను చంపజూశారు. అయినా హిజ్రత్ రాత్రి, వాళ్ళు తన దగ్గర దాచుకున్న సొమ్ములు వాళ్ళకు అప్పగించి రమ్మని ఆయన హజ్రత్ అలీ (రజి)ని అక్కడే ఉంచారు. ఆ శత్రువులకంటే బీమా కంపెనీ మనకు చేసిన ద్రోహం ఏమిటో ఈ వాదన చేసేవారే చెప్పాలి.

అన్నిటికంటే కష్టమైనది కార్డు అరువిచ్చే విషయం. కార్డు లేని తమ్ముడు గుండెనొప్పితో పడి ఉంటే, అన్న తన కార్డు చూపించి చేర్పిస్తాడు. ఆ ప్రేమను మేము తక్కువ చేయడం లేదు. కాని అన్న వైద్య రికార్డులోకి తమ్ముడి గుండెజబ్బు ఎక్కుతుంది. రేపు అన్నకే ప్రాణం మీదికి వస్తే డాక్టరు ఆ రికార్డును నమ్మి మందు రాస్తాడు. తమ్ముణ్ణి ఆ క్షణాన ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళవచ్చు, అక్కడ చేర్చుకోవడానికి కార్డు అక్కర్లేదు. పైఖర్చులకు బస్తీ మసీదు కమిటీ జకాత్ నిధిలోంచి ఆదుకోవచ్చు. రేషన్ కార్డులో పేరు లేనివాళ్ళు మన వీధిలో ఎంతమంది ఉన్నారో, జబ్బు రాకముందే ఒక జుమా రోజున కూర్చుని లెక్క తీసి దరఖాస్తులు పెట్టించవచ్చు.