చందా పుస్తకం, చెక్క ముక్క

సికింద్రాబాద్ బోయిగూడలో టింబర్ డిపోల పక్కగా నడుస్తుంటే కోసిన చెక్క వాసన తగులుతుంది. బడికి డబ్బు కూడబెట్టాలనుకునే అమ్మానాన్నలు అక్కడ మిగిలిన ముక్కలు అడిగి తెచ్చి, పిల్లలతో పెన్ను స్టాండ్లు చేయించి అమ్మవచ్చు. నాకీ ఆలోచన ఎంతో ఇష్టం. అయినా చందా పుస్తకాన్ని వదలకండి. బోనాలకు, వినాయక చవితికి బస్తీలో ఇంటింటికీ తిరిగేది అదే. రసీదు చింపి చేతిలో పెడితేనే ఇచ్చినవాళ్లకు నమ్మకం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. కాబట్టి వచ్చిన డబ్బు లెక్క చూడాల్సింది మనమే. పెన్ను స్టాండ్లు ముందు ఒక్క బల్ల మీద పెట్టి చూడండి. ఎన్ని అమ్ముడుపోయాయో, ఎంత వచ్చిందో ఆ సాయంత్రమే బడి గోడకు అంటించండి.