ఒలీవ చెట్టు విడువవలసినది



పట్టణములో ఇనుప సామాను కొట్టు పెట్టుకొనియున్న మన యువకుడొకడు క్రిందటి నెల ఆరాధన ముగిసిన తరువాత నాయొద్దకు వచ్చెను. "అయ్యగారూ, మునిసిపల్ కౌన్సిలుకు నిలబడమని మా వార్డువాళ్లు పట్టుబడుతున్నారు. విశ్వాసి ఓట్లు అడగవచ్చునా?" అనెను. కుళాయి నీళ్ల కొరకు ఆ వీధి పేదలను వెంటబెట్టుకొని యేండ్ల తరబడి ఆఫీసుల చుట్టు తిరిగినవాడతడు. నేను తొందరపడి, "మనకెందుకు నాయనా ఆ బురద?" అంటిని. అతడు తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో యోతాము చెప్పిన చెట్ల కథ మీరెరుగుదురు. ఒలీవ తన తైలమును, అంజూరము తన తీపిని, ద్రాక్ష తన రసమును విడువనొల్లక రాజ్యము వద్దనెను. చివరకు ముండ్లపొద రాజాయెను. ఈ కథతో మనము ముండ్లపొదనే తిట్టుదుము. మంచి చెట్ల మాట యెవరును ఎత్తరు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణపు బోధకులు నూరేండ్లకు పూర్వమే ఆ మాట యెత్తిరి. జార్జి డాసన్, కార్స్ లేన్ సంఘకాపరి డేల్ అను వారు, పట్టణపు కౌన్సిలులో కూర్చుండి పేదల వీధులను బాగుచేయుట క్రైస్తవుని ధర్మమేయని వేదికమీదనుండి బోధించిరి. ఆ దినములలో అచ్చట జోసెఫ్ చాంబర్లేన్ అను మరమేకుల వ్యాపారి యుండెను. అతడు త్రిత్వమును ఒప్పుకొనని యూనిటేరియను; ఆ సంగతి మీకు దాచను. అతడు 1869లో కౌన్సిలుకు ఎన్నికై, 1873లో మేయరాయెను. పేదలు మురికి బావుల నీరు త్రాగి జబ్బుపడుచుండిరి. అతడు 1875లో గ్యాసు కంపెనీలను, మరుసటి యేట నీటి కంపెనీని పట్టణము వశము చేయించెను. గ్యాసుమీద వచ్చు లాభము పట్టణమునకు చెందవచ్చును గాని, నీటిమీద లాభము తీయకూడదని అతని వాదము. మన వేసవిలో బిందెల వరుసను చూచినవారికి ఆ భేదము విప్పి చెప్పనక్కరలేదు.

అయితే 1874లోనే అతడు వ్యాపారములోని తన వాటాను అమ్మివేసెను. ఒలీవ తన తైలమును విడిచెనన్నమాట. అతడు ధనవంతుడు, విడువగలిగెను. మన కుఱ్ఱవానికి ఉన్నది ఒక్క కొట్టు, దానిమీద బ్రదుకు కుటుంబము. కొట్టు మూయుమని చట్టము చెప్పదు. కౌన్సిలుతో కాంట్రాక్టు కలవాడు మాత్రము సభ్యుడుగా నుండరాదు. కాని కౌన్సిలు వేయించు గొట్టములను కాంట్రాక్టరు ఎవరి కొట్టులో కొనును? అచ్చటికి చట్టము చేయి చాపజాలదు, మనస్సాక్షియే పోవలెను.

మంచివాడు అధికారములో నున్నంత మాత్రమున పేదకు మేలే కలుగునని కూడ నేననను. 1875లో చాంబర్లేన్ తలపెట్టిన పథకమువలన మురికి ఇండ్లు కూలి, కార్పొరేషన్ వీధి అను గొప్ప అంగళ్ల వీధి లేచెను. కూలిన ఇండ్లలోని బీదలకు మాత్రము తిరిగి కట్టిన ఇండ్లు బహు కొద్ది.

మరియొక చిక్కు. ప్రభువు ధర్మమును రహస్యముగా చేయుమనెను. ఓట్లడుగువాడు తాను చేసినది చెప్పక తప్పదు. కుళాయి నేను తెప్పించితినని చెప్పుట సాక్ష్యమే, అబద్ధము కాదు. అయితే "కనుక మీరు నాకు ఋణపడియున్నారు" అని కంటితో చెప్పినను ఆ ధర్మము అప్పుగా మారును. ఈ రెంటి నడుమ గీత బహు సన్నము. పండుగ కానుకల పట్టీ చదువునప్పుడు సంఘములోను మనము దానిని దాటుచునే యున్నాము.

పోయిన మంగళవారము నేనే అతని కొట్టుకు వెళ్లితిని. "ఆ దినము తొందరపడి మాటలాడితిని, నాయనా" అని ఒప్పుకొంటిని. పిమ్మట గొట్టముల సంగతి అడిగితిని. అతడు మేకులు తూచుట ఆపి, "ఇప్పుడే నా బేరంలో సగం ఆ కాంట్రాక్టర్లదే, అయ్యగారూ" అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను. ఇద్దరము కొంతసేపు ఊరకుంటిమి. నామినేషనుకు ఇంక పది దినములున్నవట. ఇంట్లో భార్యతో మాటలాడి, ఆదివారమున వచ్చి చెప్పెదననెను.