గోతిలో వేలాడే పితరులు

పెళ్లి వద్దనుకుని తపస్సు చేసుకుంటున్న జరత్కారుడికి ఒకరోజు గోతిలో తలకిందులుగా వేలాడుతున్నవాళ్లు కనిపించారు. పట్టు ఒక్క గడ్డివేరు. దాన్నీ ఎలుక కొరుకుతోంది. ఎవరని ఆరా తీస్తే తన పితరులే! తనతో వంశం ఆగిపోతే వాళ్లు పడిపోతారన్న భయంతోనే ఆయన పెళ్లాడాడు. భారతం ఆదిపర్వంలోని కథ ఇది.

ఆయనకు పెళ్లాడే వ్యవధైనా ఉంది. రక్త క్యాన్సర్ వచ్చిన కుర్రాడికి కొన్నిసార్లు అదీ ఉండదు. అక్యూట్ లుకేమియా అయితే రోజుల్లోనే కీమో మొదలుపెట్టాలి. ప్రాణం నిలిపే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులే మోతాదు పెరిగితే వీర్యాన్ని తయారుచేసే మూలకణాలనూ చంపుతాయి. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఒళ్లంతా రేడియేషన్ ఇస్తే ఆశ మరీ సన్నగిల్లుతుంది. హాడ్జ్‌కిన్ లింఫోమాకు వాడే ఏబీవీడీ కీమో కాస్త నయం, చాలామందిలో వీర్యకణాలు మళ్లీ పుడతాయి. ఎందుకైనా మంచిదని కీమోకు ముందే వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచుకోమంటారు డాక్టర్లు. నాన్న పక్కనే కూర్చుని ఉండగా ఇరవయ్యేళ్ల కొడుకుతో ఆ మాట ఎత్తడం మన ఇళ్లలో తేలికేం కాదు.

2020లో ఢిల్లీలో నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చిన ఒక పెళ్లికాని యువకుడు అలాగే దాచుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే చనిపోయాడు. ఆ నమూనా ఇమ్మని అమ్మానాన్నలు అడిగితే, కోర్టు ఉత్తర్వు లేనిదే కుదరదంది ఆస్పత్రి. 2024 అక్టోబరు 4న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ప్రతిభా ఎం. సింగ్ ఇచ్చెయ్యమన్నారు. వ్యాపారానికి మాత్రం వాడకూడదని షరతు పెట్టారు.

పున్నామ నరకం తప్పించేవాడు పుత్రుడని శాస్త్రం. అయితే పితృరుణం ఎవరిది వాళ్లే తీర్చుకోవాలి కదా, కొడుకు బాకీ కన్నవాళ్లు తీర్చవచ్చా? భారతంలోనే విచిత్రవీర్యుడు క్షయతో, బిడ్డలు లేకుండానే పోయాడు. వ్యాసుణ్ణి పిలిపించి వంశం నిలబెట్టింది తల్లి సత్యవతి. పోయినవాడి ఇష్టం ఎవరికీ తెలియదు. వ్యాసుణ్ణి చూసి కళ్లు మూసుకున్న అతని భార్య అంబిక ఇష్టమేమిటో చూస్తూనే తెలిసిపోతుంది. ఢిల్లీ యువకుడు కనీసం సంతకం చేశాడు, కోర్టుకు అది సమ్మతిగానే కనిపించింది. కానీ ఆ సంతకం బతికి బట్టకట్టి, బిడ్డను ఎత్తుకోవాలనుకున్నవాడిది. తాను లేని ఇంట్లో బిడ్డ పుట్టాలని కూడా కోరుకున్నాడనడానికి అదొక్కటే చాలుతుందా?

జరత్కారుడి పితరులు మాత్రం గట్టెక్కారు. ఆయన గర్భవతిగా ఉన్న భార్యను విడిచి వెళ్లిపోయాడు. కొడుకు ఆస్తీకుడు పెరిగింది మేనమామ వాసుకి ఇంట్లో.