మాట యెవరిది?

ప్రేమవిషయమున దూతను పంపుట దోషమని మన పూర్వులు తలంపలేదు. హంస దమయంతికడకు పోయి నలుని గుణములను వర్ణించినది, హంసగనే మాటలాడినది. అక్షరములు రాని తల్లి దూరమున నున్న కుమారునికి పోస్టుమానుచేత ఉత్తరము వ్రాయించుకొన్న దినములును గలవు. వ్రాత అతనిది, మాట ఆమెది. ఆ సంగతి కుమారుడెరుగును. నేటి వివాహ వెబ్‌సైట్లలో సైతము అనేకుల వివరములను తల్లిదండ్రులే పెట్టుచున్నారు. ఆ సంగతిని అచ్చటనే తెలుపుచున్నారు.

పాశ్చాత్యదేశములలో బయలుదేరిన వాడుక వేరు. స్త్రీపురుషులు సెల్‌ఫోనుద్వారా పరిచయము చేసికొనుటకై డేటింగ్ యాప్‌లు గలవు. వానిలో సంభాషణ సాగించుటకు తీరికలేని పురుషుడు, లేక బిడియస్థుడు, ఒక సంస్థకు రుసుము చెల్లించును. అమెరికాలో అట్టి సంస్థ 2009లోనే వెలసినది. సంస్థలోని ఉద్యోగి అతని పేరుతో, అతని ఛాయాచిత్రము చాటుననుండి, స్త్రీలతో ముచ్చటించును. ఆమె ఫోను నంబరు రాబట్టి రుసుము చెల్లించినవానికి అప్పగించుటతో ఉద్యోగి పని ముగియును. ఈ కొలువు చేసిన ఒక రచయిత్రి 2018లో క్వార్ట్జ్ పత్రికయందు ఆ వైనమును వివరించినది. రాబట్టిన నంబరునకు ఇంత అని ప్రతిఫలమట! ఇటీవల ఆ ఉద్యోగి స్థానమున కృత్రిమమేధను నిలుపువారును గలరు.

నాయకుల ఉపన్యాసములను ఇతరులు వ్రాసి యిచ్చుట లేదా యని కొంద రడుగవచ్చును. నిజమే. కాని ఉపన్యాసము విన్నవాడు తిరిగి తన మనసు విప్పి చెప్పడు. ఇచ్చట ఆమె చెప్పును. తండ్రి పోయిన దుఃఖమును, మునుపటి పెండ్లి చెడిన విధమును తాను వలచిన మనుష్యునికి చెప్పుకొనుచున్నానని ఆమె నమ్మకము. చదువునది జీతగాడు. శ్రమించి ఆర్జించినంతమాత్రమున అట్టి పని కాయకము కాజాలదు.

రుసుము చెల్లించినవానికి మాత్రము దక్కునదేమి? ఫ్రెంచికవి ఎడ్మండ్ రోస్టాండ్ 1897లో ప్రదర్శింపబడిన తన ‘సిరానో ద బెర్జెరాక్’ నాటకమున ఈ చిక్కునే చూపెను. అందగాడైన క్రిస్టియన్ తనకు మాటలు చాలక సిరానో మాటలతో రోక్సానును మెప్పించును. రూపము పోయినను తన ప్రేమ తరుగదని ఒకనాడామె చెప్పగా, ఆమె ప్రేమించునది తన్ను గాదని అతడు గ్రహించును. పైగా అచ్చట మాటలు ఎరువిచ్చినవాడు ఆమెను నిజముగా ప్రేమించినవాడు. నంబర్లు లెక్కించు జీతగానికి ఆపాటి సంబంధమును లేదు.

స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపము దాల్చి కూర్చుండినపుడు దమయంతికి తుదకు ఆనవాళ్ళు దొరకినవి. వారి రెప్పలు పడలేదు, పాదములు నేల తాకలేదు. ఫోనులో వచ్చు మాటలకు అట్టి ఆనవాళ్ళు లేవు. మొదటిసారి కలిసికొన్న దినమున ఆమె, “ఆ రాత్రి మీరు చెప్పిన మాట నాకెంతయో ఊరట నిచ్చినది” అనును. ఆ మాట యేదో అతనికి తెలియదు.