వెయ్యి పున్నములు, ఒక గడియారం

తలిదండ్రుల పుట్టినరోజుకు ఏమివ్వాలన్నది చూడటానికి బజారు ప్రశ్న, నిజానికి ధర్మసంకటం. మా కె.వి.కుప్పంలో నాయనకు సహస్ర చంద్రదర్శనం తలపెట్టాము. పున్నమికీ పున్నమికీ ఇరవై తొమ్మిదిన్నర రోజుల చొప్పున, వెయ్యి పున్నములకు 80 ఏండ్ల 10 నెలలు. చంద్రుణ్ణి చూసి లెక్కగట్టే వయసుకు చేతిగడియారమా అని నేను నవ్వినా, తమ్ముళ్ళు అదే కావాలన్నారు.

"నాకెందుకురా? ఏ ఆఫీసుకు పోవాల?" అన్నాడు నాయన. ఇటువంటి మాటను మొగమాటం కింద జమకట్టుకోవడం కొడుకులకు అనుకూలం. బంగారు పూత గడియారం పదిమందిలో బాగానే ఉంటుంది. ఆ సన్నని ముండ్లు మాత్రం ఆయన కంటికి ఆనవు. మరి కానుక ఎవరికి?

1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటాన్ (కర్మాగారం మన హోసూరులోనే) దేశానికి క్వార్ట్జ్ గడియారాన్ని అలవాటు చేసింది. బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ దానికి మనిషితో పని లేదు. నాయన చేతికున్న హెచ్.ఎం.టి. జనతాకు రోజూ కీ ఇవ్వాలి. నా బ్యాంకు లెక్కలో తరుగుదల పోగా దాని విలువ సున్నా. కానీ పొద్దున్నే కాఫీకి ముందు కీ ఇవ్వడం, ఆయనకు మిగిలిన కొద్ది పనుల్లో ఒకటి. దాన్ని తీసేసి సుఖమని పేరుపెట్టే హక్కు మాకుందనుకోను. వేళ్ళు వణికే రోజు వస్తే అప్పుడు చూద్దాం.

హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇక విడిభాగాలు పాత సరుకులో వెతుక్కోవలసిందే. గుడియాత్తంలో ఒక రిపేరు ఆయన శుభ్రం చేసి, కొత్త పట్టీ వేసిస్తానన్నాడు. నాలుగు రోజులు పడుతుందట. అన్నాళ్ళూ నాయన టైము ఎవర్ని అడగాలన్నాడు తమ్ముడు. నన్నే అడగమన్నాను. సెలవు పెట్టాను.