రాముడు మంచివాడెలా అయ్యాడు?

పిల్లలకి సినిమా చూపించడం తేలికే. తర్వాత వాళ్ళు వేసే ప్రశ్నలకి జవాబు చెప్పడమే కష్టం. 'పాతాళ భైరవి' (1951) చూసిన ఏ చురుకైన పిల్లయినా అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. "రాముణ్ణి బలి ఇవ్వబోయినందుకు మాంత్రికుడు చెడ్డవాడు. మరి రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చేశాడుగా! మంచివాడెలా అయ్యాడమ్మా?"

ప్రాణం కాపాడుకోవడానికని సర్దిచెప్పొచ్చు. కానీ తోట రాముడు ప్రాణంతో సరిపెట్టుకున్నాడా? ప్రతిమని పుచ్చుకుని, మేడలూ సిరులూ కోరుకున్నాడు.

1939లో హాలీవుడ్‌లో తీసిన 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్' లో డొరొతీకి సిరులక్కర్లేదు. ఇల్లు చేరితే చాలు. ఆమె చేతిలోనూ మంత్రగత్తె చస్తుంది. అయితే ఆ పిల్ల నీళ్ళు చల్లింది నిప్పంటుకున్న గడ్డిబొమ్మ నేస్తాన్ని కాపాడ్డానికి. చంపాలని కాదని మొత్తుకుంటుంది కూడా.

అక్కడ ఎర్రజోడు కోసం మంత్రగత్తె, ఇక్కడ ప్రతిమ కోసం మాంత్రికుడు. ఇద్దరూ తమ కోరికకి వెల ఇంకొకరి ప్రాణంతో చెల్లించాలనుకున్నవాళ్ళే. ప్రతిమ ముందు నిలబడిన రాముడు వాళ్ళకి ఆమడ దూరంలో ఏం లేడు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. శిష్యుడి పుణ్యమా అని బతికొచ్చిన మాంత్రికుడు ప్రతిమని చేజిక్కించుకున్నాడు. మేడా పోయింది, రాకుమారీ పోయింది. అప్పుడు రాముడు అంజిని తోడు తీసుకుని, తన ప్రాణాన్నే ఒడ్డి ఇందుమతిని వెతుక్కుంటూ వెళ్ళాడు.

అందుకే, "బలి ఇచ్చినప్పుడు కాదమ్మా, ఆ తర్వాత అయ్యాడు" అని చెప్పండి. పిల్లలు ఒప్పుకోకపోతే? ఇంకా మంచిది. వాళ్ళు ఆలోచిస్తున్నారన్నమాట!