విగ్గు: ఒక మాట, మూడు ప్రశ్నలు

'విగ్గు' ఇంగ్లీషు మాటే అయినా నేడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కూడా దాని అర్థం చెప్పనక్కరలేదు. 'పెరివిగ్' అనే పాత మాటను కుదిస్తే ఇది వచ్చింది. దానికి మూలం ఫ్రెంచి వారి 'పెరూక్'. అరబ్బులు నేడు వాడే 'బారూకా' కూడా ఆ కుటుంబంలోని మాటే. మన ఇళ్ళల్లో ఆడవారు జడలో కలిపి అల్లుకునే సవరం వేరు. సవరం ఉన్న జుట్టుకు తోడు. విగ్గు లేని జుట్టుకు మారు. హదీసులో వచ్చిన మాట 'వస్ల్', అంటే వెంట్రుకలకు వెంట్రుకలు కలపడం. ఉలమాలు విగ్గును కూడా ఈ మాట కిందనే చర్చించారు.

విగ్గు ధర్మసమ్మతమా, నిషిద్ధమా అని ఒక్క ముక్కలో జవాబు అడిగేవారు చాలామంది. అయితే జవాబుకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఆ వెంట్రుకలు ఎవరివి? అల్లాహ్ ఆదం సంతతికి గౌరవం ప్రసాదించాడని బనీ ఇస్రాయీల్ సూరా 70వ ఆయతు తెలుపుతుంది. అందుకే మనిషి వెంట్రుకలను అమ్మడం, వాడుకోవడం తగదని హనఫీ గ్రంథం 'హిదాయా' చెబుతుంది. జంతువుల ఉన్నితో చేసిన దానికి మాత్రం అనుమతి ఇస్తుంది. నేటి నైలాను దారాల విగ్గును చాలామంది హనఫీ ఉలమాలు ఈ కోవలోనే చేర్చారు. ఇతర ఇమాముల అనుయాయులలో ఇంతకంటే కఠినమైన అభిప్రాయాలూ ఉన్నాయి. ఈ ప్రశ్న మనకే పరిమితం కాదు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అవి విగ్గులుగా దేశదేశాలకు చేరతాయి. 2004 మే నెలలో జెరూసలేంలోని యూద మతగురువు ఎల్యాషివ్ భారతదేశపు వెంట్రుకల విగ్గులు తమవారికి తగవని తీర్పు చెప్పగా, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కొందరు వాటిని తగులబెట్టారు. వారి కారణం వేరు, మన కారణం వేరు. కాని నెత్తిన పెట్టుకునేది ఎక్కడిదని అడగడం ఇద్దరికీ తప్పలేదు.

రెండవది: ఎవరిని నమ్మించడానికి? మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. జుట్టు రాలిన సంగతి దాచి నిఖా జరిపిస్తే, ఆ విగ్గు దేనితో చేసినదైనా అది ధోకాయే.

మూడవది: అవసరమా, ఆడంబరమా? జబ్బు చేసి జుట్టు రాలిన ఒక పెండ్లికూతురి కోసం ఆమె తల్లి వచ్చి అడిగినప్పుడు కూడా ప్రవక్త (స) వెంట్రుకలు కలపడానికి ఒప్పుకోలేదని బుఖారీ, ముస్లింలలో ఉంది. కష్టం ఉంది కదా అని ఈ హదీసును మనం పక్కన పెట్టలేము. అయితే కష్టంలో ఉన్నవారికి అన్ని తలుపులూ మూసుకుపోలేదు. ముక్కు తెగిన అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టుకొమ్మని చెప్పినది కూడా ప్రవక్త (స) వారే. లోపాన్ని సరిచేసుకోవడం వేరు, అలంకారం కోసం లేనిది చూపడం వేరు అని ఉలమాలు దీని నుండే గ్రహించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి మన జిల్లాల నుండి వెళ్ళే అక్కచెల్లెళ్ళలో మందుల వల్ల జుట్టు పోయినవారు ఉంటారు. వారు దారాల విగ్గు పెట్టుకుంటే వేలెత్తి చూపడానికి మనకు హక్కు లేదు. అయితే వుజూలో మసహ్ చేసేటప్పుడు, గుసుల్ చేసేటప్పుడు దాన్ని తీయాలి. నీరు తలకు తగలాలి.

ఇక చూసేవారి సంగతి. దైవదూత వచ్చి ఏమి కావాలని అడిగితే, మంచి జుట్టు కావాలనీ, జనం తనను అసహ్యించుకునే ఈ లోపం పోవాలనీ కోరుకున్న బట్టతల మనిషి గాథ కూడా హదీసులో ఉంది. అతని బాధ బోడితలలో ఎంత ఉందో, జనం చూపులో అంతకన్నా ఎక్కువ ఉంది. పెండ్లిచూపుల్లో జడ పొడవు కొలిచేది మనమే, బట్టతలను చూసి నవ్వేది మనమే. ఆ తర్వాత విగ్గు హరాము కాదా అని మస్లా అడిగేదీ మనమే. సోదరులారా! దాచుకోవలసిన అవసరం కలిగించినవారు కూడా ఆ దాపరికంలో భాగస్వాములే. అల్లాహ్ మన రూపాలను కాక, హృదయాలను, ఆచరణలను చూస్తాడు. మనకు కూడా అలా చూసే సద్బుద్ధిని ఆయన ప్రసాదించుగాక! ఆమీన్.